కంసాలి పిట్ట ఎగిరేదాకా

పోయిన మంగళవారం కళ్ళజోడు కాడ విరిగితే బాగుచేయించుకుందామని అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి నడుస్తున్నాను. రోడ్డు పక్క కానుగ చెట్టు మొదలుకి టేపు చుట్టి కొలుస్తున్న పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకతె, "అమ్మా, జర పక్కకు జరుగుండ్రి, చెట్టు కొలుస్తున్నం" అంది. ఆ టేపు పట్టుకున్న తీరు చూసి, ఇది ఎవరు నేర్పారమ్మా అని అడిగాను. "మా అక్క" అని పేరు చెప్పింది. ఆ అక్క నాకు తెలుసని చెప్పలేదు. ఎవరో ముసలావిడలాగా పక్కన నిలబడి, వాళ్ళ పని పూర్తయ్యేదాకా చూసి, కళ్ళజోడు సంగతి మరిచిపోయి ఇంటికొచ్చేశాను.

ఉద్యోగ విరమణ తర్వాత మొదటి ఆరు నెలలు ఎంత పొడుగ్గా ఉంటాయో నా వయసు వాళ్ళకు చెప్పక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళు ప్రభుత్వ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని, ఒక్కసారిగా చెప్పడానికి ఎవరూ లేక, మా సందు చివర ఇస్త్రీ బండి దగ్గర బట్టలిచ్చే వంకతో నిలబడేదాన్ని. ఆ బండి ఆమె కూతురు ఇంటర్ తప్పి తల్లికి సాయంగా ఉండేది. ఒకనాడు మాటల్లో, ఏ చెట్టు ఏ నెలలో ఆకు రాలుస్తుందో, ఏ కొమ్మ మీద ఏ పిట్ట వాలుతుందో గడగడా చెప్పేసరికి ఆశ్చర్యపోయి, ఎలా తెలుసు అని అడిగాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాల మీద రెట్ట పడకుండా రోజూ బండి జరపాలి కదా మేడం, అందుకే చూసి పెట్టుకున్నానంది. నా విద్యార్థుల్లో పుస్తకం మూసి ఇంత చెప్పగలిగినవాళ్ళు ఎంతమందని ఆ రాత్రంతా లెక్కపెట్టుకున్నాను. ఎక్కువమంది తేలలేదు.

మా మరిదిగారికి మైత్రీవనం వెనక సందులో కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. దానిపై గది ఖాళీగా ఉంటే అడిగాను. చుట్టూ మేడ మేడకీ కంప్యూటర్ కోర్సుల బోర్డులు. "వదినగారూ, ఇక్కడ చెట్లు నేర్చుకోవడానికి ఎవరొస్తారండీ?" అని నవ్వి, తాళంచెవి మాత్రం ఇచ్చేశారు. ఆ పిల్లతో కలిపి ఐదుగురు వచ్చారు. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళే అందరూ. చెట్టు వయసు అంచనా వేయడం, తెగులు కనిపెట్టడం, నారు పెంచడం, పెద్ద చెట్టును వేళ్ళతో సహా తీసి మరోచోట నాటడం, ఇవన్నీ చెప్పాను. చెప్పలేనివి నర్సరీలకు తీసుకెళ్ళి అక్కడి తోటమాలీల చేత చెప్పించాను. ఇస్త్రీ ఆమె మాత్రం నన్ను నిలదీసింది. "గీ చెట్ల సదువుతోని కడుపు నిండుతదా మేడం? ఎండాకాలం దాక చూస్త. కాకుంటే చీరల షాపుల పనికి పెడ్త" అంది. తప్పు పట్టడానికి ఏముంది?

ఫిబ్రవరి చివర మాకు మొదటి పని దొరికింది. పంజగుట్టలో పాత బంగళా పడగొట్టి పెద్ద భవనం కడుతున్నారు. అందులో ఉన్న పదకొండు చెట్లను అనుమతులు తీసుకుని ఊరి బయటికి తరలించాలి. నా పాత విద్యార్థిని భర్త అక్కడ సైటు ఇంజనీరు కాబట్టి మా పిల్లలకు అవకాశమిచ్చాడు. మొదటిరోజు రావిచెట్టు కొమ్మలు తగ్గించడానికి రంపం పైకెత్తారో లేదో, ఇస్త్రీ ఆమె కూతురు ఆపమని అరిచింది. ఎండు కొమ్మకు రూపాయి బిళ్ళంత తొర్ర, అందులోంచి తొంగిచూస్తున్న, సుత్తి కొట్టినట్టు టుక్‌టుక్‌మని కూసే కంసాలి పిట్ట పిల్లలు.

ఇంజనీరు ముఖం మాడిపోయింది. "మేడమ్‌గారూ, పిట్ట కోసం పని ఆపామంటే మా పైవాళ్ళు ఊరుకుంటారా?" అన్నాడు. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది కాని, నేను ఆ పిల్లను పక్కకు పిలిచి, ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు పోదామమ్మా అన్నాను. ఈ పని పోతే ఆమె చీరల దుకాణానికి, మిగతా నలుగురూ పాత దారికి పోతారన్న భయం నాది. ఆమె నా కళ్ళలోకి చూసి, "మేడం, మీరే గద నేర్పింది? మొదటి పనే గిట్ల చేస్తే మాకు టేపెందుకు, గొడ్డళ్ళియ్యుండ్రి" అంది.

ఆమె ఇంజనీరు దగ్గరకే వెళ్ళింది. ఎలాగూ మిగతా పది చెట్ల చుట్టూ గుంతలు తవ్వి, వేళ్ళు సరిచేసి, తడి గోనెసంచులు చుట్టడానికి పన్నెండు రోజులు పడుతుందని, రావిని చివరకు పెడితే ఒక్కరోజు కూడా నష్టం లేదని, నేలమీద పుల్లతో గీసి చూపించింది. "అన్నా, గప్పటికి అవి ఎగిరిపోతయి. పదమూడో రోజు క్రేన్ పిలువుండ్రి" అంది. ఆయన ఫోన్లో చాలాసేపు మాట్లాడి, సరే, పదమూడో రోజు ఎగిరినా ఎగరకపోయినా కొమ్మలు కోస్తామన్నాడు.

పదో రోజుకు రెండు పిల్లలు వెళ్ళిపోయాయి. మూడోది కదల్లేదు. పదమూడో రోజు పొద్దున క్రేన్ వచ్చి నిలబడింది. తల్లిపిట్ట మేడిపండు నోట కరుచుకుని, తొర్రలోకి వెళ్ళకుండా ఎదుటి కొమ్మమీద కూచుంది. కూలీలు, డ్రైవరు, ఇంజనీరు, మేమూ అందరం తలలెత్తి నిలబడ్డాం. పది గంటలు దాటాక ఆ పిట్టపిల్ల తొర్ర అంచున కాసేపు ఊగి, దబ్బున దూకి, ఎర్రమంజిల్ వైపు ఎగిరిపోయింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఇంజనీరే. తర్వాత వాళ్ళ రెండో సైటు కూడా మా పిల్లలకే ఇచ్చారు. చీరల దుకాణం మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఇవాళ ఆ ఇస్త్రీ ఆమె కూతురి కింద పన్నెండుమంది పనిచేస్తున్నారు, మొన్న అమీర్‌పేటలో చెట్టు కొలిచిన పిల్లతో సహా. అందరూ బస్తీల పిల్లలే, ఆమె వెతికి తెచ్చుకున్నవాళ్ళే. ఆ మొదటి ఐదుగురిలో ఒకరు నర్సరీ నడుపుతున్నారు, ఒకరు అడవిలో యాత్రికులకు దారి చూపిస్తున్నారు. రెండేళ్ళ కిందట ఆ పదకొండు చెట్లూ చూపిస్తానని ఆమె నన్ను ఊరి బయటికి తీసుకెళ్ళింది. బతికిన తొమ్మిదింటి దగ్గరికి కాదు, ముందు ఎండిపోయిన రెండింటి దగ్గరికి తీసుకెళ్ళి, ఇక్కడ నీరు నిలిచింది, మేం చూసుకోలేదు అని చెప్పింది. నా మొత్తం ఉద్యోగంలో, తప్పిన లెక్కను ముందుగా నాకు చూపించిన శిష్యురాలు ఇంకొకరు లేరు. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఏ సన్మానంలోనూ కలగలేదు.

మరిదిగారు దుకాణం అమ్మేశాక ఆ పైగదిలోకి కూడా కంప్యూటర్ కోర్సే వచ్చింది. అప్పట్లో తెలియని ఆకు ఏది కనిపించినా, చున్నీ కొంగులో దాచుకుని ఆ పిల్ల రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చేది. ఇప్పుడు ఫోన్‌తో ఫోటో తీస్తే చాలు, రెప్పపాటులో పేరు వచ్చేస్తుంది, చాలాసార్లు సరిగ్గానే వస్తుంది. మంచిదే. నేనే నేర్చుకోమన్నాను కూడా. అయినా మధ్యాహ్నాలు కునుకు పట్టబోయే వేళ మా ఇంటి మెట్ల మీద ఎవరి అడుగులైనా వినిపిస్తే, వాడిపోని ఆకు పట్టుకుని ఎవరో వస్తున్నారేమోనని లేచి కూచుంటాను.