నాలుగు జవాబుల ఓబులేసు

హిందూపురం బస్టాండు వెనక సందులో జిరాక్సు అంగడి పెట్టుకున్న ఓబులేసుకు ఒకటే జబ్బు. ఎవరినైనా ఏదైనా ఊరికే అడగలేడు. ప్రశ్న వేసి, దాని కింద నాలుగు జవాబులు తనే ఇచ్చి, అందులో ఒకటి ఏరుకోమంటాడు. "ఎండెట్లుండాదప్పా?" అని ఊరుకుంటే అందరిలాంటి మనిషే అనిపించుకునేవాడు. "ఎ, మండిపోతాంది. బి, పర్వాలేదు. సి, మబ్బు పట్టింది. డి, పైవేవీ కావు" అని ముగించి ఎదుటివాడి నోటివైపు చూస్తాడు. జవాబు వచ్చేదాకా జిరాక్సు మిషను మీద చెయ్యి వెయ్యడు.

కారణం లేకపోలేదు. ఇరవై రెండేళ్లపాటు ఒక గైడ్ల కంపెనీకి నాలుగేసి జవాబుల బిట్లు రాసిపెట్టాడు. కుడిచెయ్యి చూపించి "లక్ష బిట్లు రాసిన చెయ్యి ఇది" అంటాడు. కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఓబులేసు నోరు మాత్రం మూతపడలేదు.

అతని భార్య రాజేశ్వరి ముప్పయ్యేళ్లుగా ఈ పరీక్ష రాస్తూనే ఉంది.

"ఈ పొద్దు కూరేంది? ఎ, వంకాయ. బి, బీరకాయ. సి, అలసంద పప్పు. డి, పైవేవీ కావు."

"ఇ" అనేది ఆమె.

"ఇ అనేది యాడా లేదు గదే!"

"నా వంటింట్లో ఉండాది."

ఆ ఇ ఏమిటో తినేటప్పుడు గానీ తెలిసేది కాదు.

తిమ్మయ్య మొదటిసారి ఆ అంగడి మెట్లెక్కినప్పుడు ఇవేవీ అతనికి తెలియవు. తెలుసుకునే ఓపికా లేదు. తెల్లవారకముందే రొళ్లలో ఒక బస్సెక్కి, మడకశిరలో ఇంకో బస్సుకు మారి, రెండింట్లోనూ నిలబడే వచ్చాడు. రెండెకరాల వేరుశనగ ఆ ఏడు ముందు వాన లేక, తర్వాత వాన ఎక్కువై పోయింది. పక్కన కూతురు అమృత, చేతిలో ఫైలు. ఇంటరు రెండో సంవత్సరం చదువుతోంది.

వాళ్లు వచ్చిన పని ఇది. ధర్మవరంలో పట్టుచీరల వర్తకులు కొందరు కలిసి ఒక ధర్మనిధి పెట్టారు. ఇంట్లో కన్నడం మాట్లాడే సరిహద్దు పల్లెల పిల్లలకు డిగ్రీ మూడేళ్ల చదువూ, హాస్టలూ ఆ నిధే చూసుకుంటుంది. షరతులు రెండు. ఇంటి భాష కన్నడమని పెనుకొండ రెవెన్యూ ఆఫీసునుంచి కాగితం తేవాలి. నిధి వాళ్లు పెట్టే పరీక్షలో రెండు వందలకు నూట ఇరవై మార్కులు రావాలి. రాకపోతే అమృత జూలై నుంచి బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు గుండీలు కుట్టాలి. ఆ పనికి పరీక్ష లేదు, కాగితాలు అడగరు, బస్సు ఊరి ముందుకే వచ్చి ఎక్కించుకుంటుంది. బాగా అలసిన రోజుల్లో తిమ్మయ్యకు అదే నయమేమో అనిపించేది. అట్లా అనిపించినందుకు ఇంకా అలసిపోయేవాడు.

"ఫారం యెవురు నింపుతారు?" అన్నాడు ఓబులేసు. "ఎ, మీరు. బి, పాప. సి, నేను. డి, ఎవురైనా సరే."

తిమ్మయ్య కూతురివైపు చూశాడు. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటోంది.

"సి" అన్నాడు, ఈ బాధ త్వరగా వదిలితే చాలని.

"సంతకం? ఎ, తెలుగు. బి, కన్నడం. సి, ఇంగ్లీషు. డి, వేలిముద్ర."

"డి."

ఓబులేసు తలెత్తకుండానే ఇంకు ప్యాడు ముందుకు తోశాడు. బయటికొచ్చాక తిమ్మయ్య, "ఏమ్మా, ఇంతకంటే తిక్క తక్కువుండే అంగడి ఈ ఊర్లో యాడా లేదా?" అన్నాడు.

లేదని తర్వాత తేలింది. మిగతా అంగళ్లలో ఫారం నింపుతారు గానీ పరీక్షకు తయారు చెయ్యరు. ఓబులేసు దగ్గర ఆదివారం ఆదివారం అరడజను మంది పిల్లలు నేలమీద కూర్చుని బిట్లు చేసేవాళ్లు. అమృతా చేరింది. తోడు వచ్చిన తిమ్మయ్య గోడకానుకుని కునుకు తీసేవాడు. కునుకు మధ్యలో ఓబులేసు గొంతు వినిపించేది.

"తిన్యారా? ఎ, కడుపునిండా. బి, కొంచెం. సి, ఇంటికి పోయి తింటాం. డి, ఇంకా తినల్ల."

డి అన్నవాళ్ల ముందుకు రాజేశ్వరి పెట్టిన రాగిముద్ద వచ్చేది. చల్లకు నాలుగు, నీళ్లకు నాలుగు, ఉక్కపోతకు నాలుగు. నిద్రలో కూడా తనకు ఎ, బి, సి, డిలు వస్తున్నాయని తిమ్మయ్య ఇంట్లో మొరపెట్టుకున్నాడు.

పరీక్ష గురించి ఓబులేసు చెప్పే సూత్రం ఒకటే. "నాలుగూ తప్పైతే నాలుగూ వదిలెయ్. తప్పుదాని గుండ్రం దిద్దితే అర మార్కు కోస్తారు. అది గాక, నిజం కానిదాన్ని నల్లగా దిద్దడమేందమ్మా, పాపం!"

ఈ లోపల పెనుకొండ కాగితం కథ వేరే నడిచింది. మొదటిసారి కూతురితో పోతే అధికారి లేడు. రెండోసారి ఉన్నాడు. "ఇంట్లో ఏ భాష?" అని తెలుగులో అడిగాడు. "కన్నడం సారూ" అని తిమ్మయ్య తెలుగులో చెప్పాడు. "ఇంత బాగా తెలుగు మాట్లాడతాండావు, నీది కన్నడమెట్లయ్యా?" అని పంపేశాడు. సరిహద్దులో పుట్టినవాడికి రెండూ రావడం నేరమైపోయింది. తిమ్మయ్య చేతిలో ఖాళీ ఫైలుతో హిందూపురం వచ్చి అంగడి మెట్టుమీద కూలబడ్డాడు.

"ఇప్పుడేం జేయల్ల?" అని ఓబులేసు మొదలుపెట్టాడు. "ఎ, లాయరు. బి, సర్పంచి. సి, మీ అవ్వ. డి, పైవన్నీ."

"మా అవ్వ యాలప్పా మధ్యలో?"

"ఆమెకు తెలుగొచ్చునా? ఎ..."

"రాదు, రాదు!"

మూడోసారి తిమ్మయ్య అమృతతో పాటు అవ్వ హనుమమ్మనూ వెంటబెట్టుకుపోయాడు. ఎనభై ఐదేళ్ల మనిషి, ఊరు దాటి పదేళ్లయింది. ఆఫీసు గుమ్మం ముందున్న పెద్ద బోర్డు కింద కాసేపు ఆయాసం తీర్చుకుంది. లోపలికెళ్లి అధికారి బల్లను కర్రతో కొట్టి, "నమ్మ మనేలి బరీ కన్నడానే!" అంటూ, తమ ఇంట్లో ఉత్త కన్నడమేనని మొదలుపెట్టింది. వాళ్ల అత్త, అత్తకు అత్త, ఇంటి ఎద్దులతో సహా కన్నడంలోనే బతికారని ఆ భాషలోనే వివరించింది. ఎద్దుల దాకా వచ్చేసరికి అధికారి ముద్ర కొట్టేశాడు.

మే నెలలో ధర్మవరంలో పరీక్ష జరిగింది. వారానికి మార్కులూ, సరైన జవాబుల జాబితా వచ్చాయి. ఓబులేసు ప్రింటు తీసి వేలితో లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. నూట పంతొమ్మిది.

"యాడ పోయిందీ ఒక్క మార్కు?"

అంగట్లో ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. ఓబులేసు నోట జవాబులు లేని ప్రశ్న రావడం ఎవరూ ఎరగరు. లోపలినుంచి రాజేశ్వరి గరిటె పట్టుకుని పరుగున వచ్చింది.

అమృత ప్రశ్నపత్రం మీద ఒకచోట వేలు పెట్టింది. పెనుకొండ ఏ జిల్లాలో ఉంది? ఎ, అనంతపురం. బి, కర్నూలు. సి, కడప. డి, చిత్తూరు.

"నాలుగూ కావు గదా సార్. జిల్లా మారి ఏండ్లయింది. ఆ ఆఫీసుకు మూడుసార్లు పోయినాం, మూడుసార్లూ బోర్డు మీద శ్రీ సత్యసాయి జిల్లా అనే చదివినా. నాలుగూ తప్పైతే వదిలెయ్యమని మీరే కదా చెప్పింది. వదిలేసినా."

జాబితాలో దాని జవాబు ఎ అని ఉంది. పాత బిట్టు. ఓబులేసు కుర్చీలో కూలబడ్డాడు. "నా మాట విని పోగొట్టుకుందప్పా ఈ పిల్ల" అన్నాడు. తిమ్మయ్యకు కోపం రావలసింది, దానిక్కూడా శక్తి లేకపోయింది. బట్టల ఫ్యాక్టరీ బస్సు పొద్దున ఎన్నింటికొస్తుందో గుర్తు తెచ్చుకున్నాడు.

"నాలుగూ తప్పైతే ఇంకోటుంటాది" అంది రాజేశ్వరి. "ఇ, ప్రశ్నే తప్పు. పోయి అడుగుపోండి."

అభ్యంతరం చెప్పడానికి గడువు మూడు రోజులే. తల్లో తండ్రో స్వయంగా వచ్చి కాగితం ఇవ్వాలి. మర్నాడు ఓబులేసు, తిమ్మయ్య, అమృత ముగ్గురూ ధర్మవరం ప్యాసింజరు రైలెక్కారు. పెనుకొండ స్టేషను వచ్చినప్పుడు ఓబులేసు కిటికీలోంచి దాన్ని పగవాణ్ని చూసినట్టు చూశాడు. దారి పొడుగునా ఒక్క ప్రశ్నా అడగలేదు. తిమ్మయ్యకు ఆ నిశ్శబ్దం బాగుండాల్సింది, బాగాలేదు.

ధర్మనిధి ఆఫీసులో కిటికీ ముందు పొడుగాటి వరస. తిమ్మయ్య వంతు వచ్చేసరికి వెనక ఇరవై మంది, పక్కనే అమృత. కిటికీ లోపలి కుర్రాడు, పొద్దుటినుంచి అరిచి అరిచి వాడూ అలసిపోయినట్టున్నాడు, ఒక తెల్లకాగితం బయటికి తోశాడు.

"అభ్యంతరం మీ చేత్తో రాసియ్యండి."

తిమ్మయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏమప్పా, సదువొచ్చునా, రాదా?"

వరస మొత్తానికీ వినబడింది. తిమ్మయ్య బడి గడప తొక్కలేదు. అది పాపం కాదని అతనికి తెలుసు. అయినా కూతురు పక్కన నిలబడి ఉండగా, ఇరవై మంది ముందు, రాదు అనే మాట గొంతు దాటడం లేదు. వచ్చు అంటే అబద్ధం. ఉన్నవి రెండే జవాబులు, రెండూ చేదే.

"ఏమబ్బా!" వెనకనుంచి ఓబులేసు తల కిటికీలో దూర్చాడు. "రెండే ఇస్తివి? యా పరీక్షలో ఇస్తారు రెండు? ఇంకా రెండుండాయి. సి, వచ్చు గానీ అద్దాలు ఇంట్లో మర్సినాడు. డి, నాలుగు నెలలుగా బస్సుల్లో తిరిగి అలసిపోయినాడు, పక్కనున్నోడు రాస్తే వేలిముద్ర ఏస్తాడు. అడుగు ఇప్పుడు సరిగ్గా!"

కుర్రాడు నోరు తెరిచి, "ఎ, బి, సి, డి?" అన్నాడు.

"డి" అన్నాడు తిమ్మయ్య గట్టిగా. తన జీవితంలో అంత నిజమైన జవాబు ఇంకోటి చెప్పలేదు. వరసలో ఎవరో, "నాదీ డీనే అబ్బా!" అన్నారు. నవ్వులు లేచాయి, కుర్రాడూ నవ్వాడు, ఇంకు ప్యాడు దానంతటదే బయటికొచ్చింది. ఓబులేసు రాశాడు. సాక్ష్యంగా అవ్వ కర్రతో సంపాదించిన పెనుకొండ కాగితం నకలు జతచేశాడు. నిధి వాళ్లే అడిగి తెప్పించుకున్న ఆ కాగితం మీద జిల్లా పేరు, దానిమీద గుండ్రటి ముద్ర, రెండూ స్పష్టంగా ఉన్నాయి.

తిరుగు రైల్లో తిమ్మయ్యకు సీటు దొరికింది. నెలల తర్వాత కూర్చుని ప్రయాణం చేస్తూ లెక్క చూసుకున్నాడు. ఇన్నాళ్లుగా ఆ అంగట్లో తను ఒక్కసారైనా చదువు రాదు అని చెప్పాడా? లేదు. సి అన్నాడు, డి అన్నాడు, అంతే. ఆ పిల్లల్లో ఒక్కరైనా ఆకలవుతోంది అని నోరు తెరిచి అడిగారా? డి అన్నారు, ముద్ద వచ్చింది. తిక్క మనిషి అనుకున్నాడే! ఎదురుగా ఓబులేసు నోరు తెరుచుకుని గుర్రుపెడుతున్నాడు.

పది రోజులకు నిధి వాళ్లు ఆ ప్రశ్న తప్పని ఒప్పుకుని, దాన్ని తప్పుగా దిద్దినవాళ్లకూ వదిలేసినవాళ్లకూ మార్కు కలిపారు. అమృతకు నూట ఇరవై. ఒక్కటీ ఎక్కువ లేదు.

మర్నాడు తిమ్మయ్య విత్తనానికని దాచుకున్న శెనక్కాయల్లోంచి చిన్న మూట కట్టి, రెండు బస్సులు మారి, అంగడి మెట్లెక్కి, ఓబులేసు నోరు తెరిచేలోపల తనే మొదలుపెట్టాడు.

"సారూ, ఈ మూట ఏం జేస్తావు? ఎ, తీసుకుంటావు. బి, సంతోషంగా తీసుకుంటావు. సి, వద్దు వద్దంటానే తీసుకుంటావు. డి, పైవన్నీ."

లక్ష బిట్లు రాసిన మనిషి నాలుగు వేళ్లూ ఒక్కొక్కటే మడిచి చూసుకున్నాడు.

"తిమ్మయ్యా, తీసుకోననే జవాబు యాడప్పా ఇందులో? ఈ ప్రశ్న తప్పు!"

"ఇ" అంది రాజేశ్వరి. వచ్చి మూట ఎత్తుకుని లోపలికి పోయింది.

ఆ ఇ ఏమిటో సాయంత్రానికి తెలిసింది. జిరాక్సుకు వచ్చిన ప్రతివాళ్లకూ దోసెడు దోసెడు వేయించిన శెనక్కాయలు. ఓబులేసు గింజలు నములుతూ "ఎట్లుండాయి? ఎ..." అని మొదలుపెట్టాడు గానీ, అందరి నోళ్లూ నిండుగా ఉండడంవల్ల ఎవరూ జవాబు చెప్పలేదు.