కోటయ్య బావ నీళ్లు పోయని తొట్టి

నిన్న పొద్దున్నే బావ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏం బావా, ఇంకా బయల్దేరలేదా?" అన్నాను.

అవతల బావ భార్య, మా చెల్లెమ్మ, ఏడుస్తూ వినిపించింది.

డయాలసిస్‌కి వెళ్లడానికి ఆటో వచ్చిందట. చెప్పులు వేసుకుంటూ కుర్చీలోనే ఒరిగిపోయాడట.

నేను చెరువు గట్టు మీద ఉన్నాను. అక్కడే కూర్చుండిపోయాను. గుడివాడ బస్సు ఎక్కాలన్న సంగతి కూడా కాసేపు తోచలేదు.

మన రైతుల వాట్సాప్ గ్రూపులో చాలామందికి బావ తెలుసు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను.

ముదినేపల్లి దగ్గర మా చేపల చెరువులు పక్కపక్కనే. చుట్టరికం ఏమీ లేదు. గట్టు మీద కలిసిన పరిచయం, బావా అంటే బావా అనుకున్నాం. కిడ్నీలు పాడయ్యాక ఆయన చెరువులు కౌలుకిచ్చేసి, డయాలసిస్ కోసం గుడివాడలో ఇల్లు తీసుకున్నాడు.

ఆ జబ్బు వచ్చినవాళ్లకి తాగే నీళ్లు కొలతే.

నీళ్లలో బతికిన మనిషి. మధ్యాహ్నం పూట పెదాలు ఎండిపోయి, ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉండేవాడు. నాకు చూడబుద్ధి అయ్యేది కాదు. అయినా వెళ్లేవాణ్ణి.

ఒకరోజు వెళ్లేసరికి హాల్లో పెద్ద గాజు తొట్టి ఉంది.

"ఇదేంటి బావా?"

"బొచ్చెలు, శీలావతులు అమ్మి బతికాను. అమ్మకుండా చూసుకునే చేప ఒక్కటన్నా ఉండాలి కదా" అన్నాడు.

అడుగున పచ్చగా గడ్డి పరుచుకోవాలి, దాని మీద చిన్న ఎర్ర చేపలు తిరగాలి. అది చూడాలని ఆయన కోరిక. ఇంకేమీ అడగలేదు.

మొదటిసారి పెట్టిన గడ్డి అంతా నల్లబడి చచ్చింది. మొక్కలు అమ్మిన బందరు షాపాయనకి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"మట్టిలో ఏమన్నా కలిపారా అండీ?"

"సున్నం చల్లాను."

"సున్నమా? ఎందుకండీ?"

"ఎందుకేంటయ్యా, సున్నం చల్లకుండా చెరువు పెట్టినవాణ్ణి మా వైపు ఒక్కణ్ణి చూపించు."

"అది చెరువు కాదండీ బాబూ, అక్వేరియం."

బావ ఫోన్ పెట్టేసి నవ్వాడు. ఆయాసం వచ్చేదాకా నవ్వాడు. ఆయన అలా నవ్వగా నేను చూడటం అదే ఆఖరు.

రెండోసారి యూట్యూబ్ చూసి డ్రై స్టార్ట్ అనే పద్ధతిలో మొదలుపెట్టాడు.

అందులో ముందు నీళ్లు పోయరు. మట్టిని తడి చేసి, గడ్డిని చిన్న చిన్న కుదుళ్లుగా పట్టకారుతో నాటాలి. పైన పల్చటి ప్లాస్టిక్ పొర కప్పాలి. రోజూ కాసేపు తీసి గాలి తగలనివ్వాలి, ఆరకుండా కొంచెం స్ప్రే కొట్టాలి. ఎక్కువైతే బూజు పడుతుంది. వేర్లు మట్టిని గట్టిగా పట్టుకున్నాకే తొట్టి నింపాలి.

మన వరి నాటు మూన తిరిగి వేరు పట్టేదాకా ఆగినట్టే. అంతకుముందు ముంచితే తేలిపోతుంది.

ఒక్కో కుదురు నాటడానికి ఆయాసపడేవాడు. సాయం చేస్తానంటే పట్టకారు ఇచ్చేవాడు కాదు.

స్ప్రే కొడుతూ ఒకసారి అన్నాడు. "దీనికీ నాకూ ఒకే డాక్టరు బావా. గొంతు తడుపుకోవడం వరకే. తాగడానికి లేదు."



ఈమధ్య కాళ్లు బాగా వాచాయి. ఆసుపత్రిలో కూడా ఇక ఆశ లేదన్నట్టు మాట మారింది. చెల్లెమ్మకి అర్థమైంది.

"నీళ్లు పోసేద్దామండీ. వేర్లు తర్వాత సంగతి. చేపలు తిరగడం చూద్దురుగాని" అంది నా ముందే.

"ఊరుకోవే. ఇప్పుడు పోస్తే రెండ్రోజుల ముచ్చట. తర్వాత తేలిన గడ్డిని చూస్తూ కూర్చోవాలి. నేను ఆగుతున్నానుగా" అన్నాడు.

ఆయన ఆగాడు. ప్రాణం ఆగలేదు.

నిన్న సాయంత్రం శ్మశానం నుంచి తిరిగి వచ్చేసరికి ఆడవాళ్లు ఇల్లు కడిగేశారు. దీపం పెట్టారు.

తొట్టి నిండా నీళ్లున్నాయి. బురద నీళ్లు. గడ్డి కుదుళ్లు పైకి తేలి తిరుగుతున్నాయి.

దివిసీమ నుంచి వచ్చిన బావ అక్కగారు పోశారట. జబ్బులో పట్టించుకోక ఎండిపోయిందనుకున్నారు. బిందెతో మోసి పోశారట, ఆ వయసులో.

"వాడెలాగూ పోయాడు. వాడి తొట్టి అన్నా ఎండిపోకుండా ఉండనీ అనిపించిందయ్యా" అన్నారు నాతో.

మంచి పని చేశారండీ అన్నాను.

చెల్లెమ్మ తొట్టి వైపు చూసింది. నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచి, "వదినగారికి చెప్పకండి అన్నయ్యా. తట్టుకోలేరు" అంది.

ఈ రోజు పొద్దున అక్కగారు పడుకుని ఉండగా గొట్టం పెట్టి ఆ నీళ్లు తీసేశాను. పట్టకారు పట్టుకున్నాను. విరిగినవి పారేసి, బతికే వీలున్నవి మళ్లీ నాటాను. సగం కూడా లేవు. వెనక మూల కొన్ని మాత్రం లాగినా రాలేదు. అక్కడ వేరు పట్టింది.

చెల్లెమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"ఇంకా ఎన్నాళ్లు పడుతుంది అన్నయ్యా?"

"మళ్లీ మొదటినుంచే అమ్మా. నెల దాటుతుంది. బతుకుతుందని కూడా చెప్పలేను."

"పట్టనీండి. నాకు వేరే పనేముంది" అంది.

స్ప్రే ఎంత కొట్టాలో అడిగింది. చూపించాను. ప్లాస్టిక్ పొర తనే కప్పింది.

బావా, ఇక్కడ నువ్వు చేయాల్సింది ఇక ఏమీ లేదు. హాయిగా పడుకో. నీ ప్రాణం ఎక్కడున్నా చల్లగా ఉండాలి.