అమ్మ తరఫా, నాన్న తరఫా

శనివారం పొద్దున జగ్గయ్యపేటలో నందిగామ బస్సు ఎక్కేటప్పటికి నా చేతిలోని పట్టికలో ఒక తప్పుంది. ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు. సోమవారం దాన్ని మా గైడుకి చూపించాలి. ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు అది. సరిగ్గా ఉంటే పరిశోధనలో చేరడానికి ఉత్తరం రాసిస్తానన్నారు. లేకపోతే ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో మామయ్య మాట్లాడి పెట్టిన ఉద్యోగం. ఇంట్లో అందరూ అప్పుడే నేను అందులో చేరిపోయినట్టు మాట్లాడుతున్నారు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. ax² + bxy + cy² అనే రూపాన్ని (a, b, c) అని మూడు అంకెలుగా రాసుకుంటాం. b² − 4ac విలువ ఒకటే అయిన రూపాల వెనక ఒకే రింగు ఉంటుంది. రింగంటే కూడికలూ గుణకారాలూ సాగే ఒక సంఖ్యల లోకం. అందులో ఐడియళ్లనే గుంపులుంటాయి, అవి మళ్లీ తరగతులుగా విడిపోతాయి. ఆ తరగతులెన్నో చెప్పాలి. నేరుగా లెక్కపెట్టడం కష్టం. రూపాల్ని వీలైనంత చిన్న అంకెలకి కుదించి లెక్కపెడితే అదే జవాబు వస్తుంది.

పట్టికలో b² − 4ac మైనస్ ఇరవైమూడు అయిన చోట నాకు రెండు రూపాలు దొరికాయి: (1, 1, 6), (2, 1, 3). అంటే రెండు తరగతులు. తరగతుల్ని ఒకదానితో ఒకటి గుణించవచ్చు. రెండే ఉంటే, రెండోదాన్ని దానితోనే గుణించినప్పుడు మొదటిది రావాలి. రాలేదు. మూడోసారి గుణిస్తే వచ్చింది. వారం రోజులుగా అన్నం తింటున్నా అదే, షేవింగ్ చేసుకుంటున్నా అదే. రూపాల్ని లెక్కపెట్టే నా ప్రోగ్రాం నందిగామ ఇంటర్నెట్ సెంటర్లో మళ్లీ నడిపిద్దామని బయల్దేరాను. దాన్ని నడిపే సి కంపైలర్ మా ఊరి సెంటర్లో లేదు.

నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. కాగితం మీద నాలుగో గుణకారం మొదలుపెట్టాను.

"ఎవరబ్బాయివి నాయనా?"

చెప్పాను. మా వీధి, నాన్న చేసే పని కూడా అడిగింది. మా తాతది చందర్లపాడని నోరు జారాను.

"చందర్లపాడా! బడి ఎదురిల్లా? అయితే మీ తాతా మా ఆయనా అన్నదమ్ముల పిల్లలు. ఏ తాత? అమ్మ తరఫా, నాన్న తరఫా?"

"ఏ తరఫైతే ఏముందండీ, చుట్టమే కదా."

"ఏముందంటావేంది? నాన్న తండ్రయితే నా కొడుకు నీకు బాబాయి, వాడి కూతురు చెల్లెలు. అమ్మ తండ్రయితే నా కొడుకు మామయ్య, ఆ పిల్ల మరదలు. నీకు రెండూ ఒకటేనా?"

ముందు సీటు వాళ్లు నవ్వారు. కండక్టరు ఊచ పట్టుకుని వంగాడు. "తొందరగా తేల్చు మామ్మా. నందిగామలో దించి ముహూర్తం పెట్టించుకోవచ్చు."

"నువ్వు టికెట్లు కొట్టుకో ఫో," అని మళ్లీ నా వైపు తిరిగింది. "చెప్పు నాయనా."

"అమ్మ తరఫండీ," అన్నాను కాగితం మీంచి తలెత్తకుండానే, అంతటితో వదిలేస్తుందని. వదల్లేదు. వరస చూసేటప్పుడు వైపు మర్చిపోకూడదని చెబుతూనే ఉంది. "మా ఇంట్లో ఆ గొడవ లేదు. మాది మేనరికం. మా పిల్లలు ఎటు నుంచి వచ్చినా అదే గుమ్మం."

నేను వినడం లేదు. ప్రోగ్రాంలో నేనే రాసిన ఒక వాక్యం గుర్తొచ్చింది: b మైనస్ అయితే ఆ రూపాన్ని వదిలెయ్. (2, −1, 3) అనేది (2, 1, 3)కి అద్దంలో బొమ్మ, రెండూ ఒకే విలువలిస్తాయి, జాబితా పొడుగెందుకని తీసేశాను. విలువలు చూసినంతసేపూ ఒకటే. చుట్టం చుట్టమే. దాని మీద ఇంకో వరస కట్టాలంటే మాత్రం ఏ వైపో తెలియాలి. రెండు కాదు, మూడు తరగతులు. మూడోసారికి మొదటికొచ్చిందంటే రాదా మరి!

నందిగామలో ఆవిడకి సరిగ్గా వెళ్లొస్తానని కూడా చెప్పకుండా దిగి పరిగెత్తాను. సెంటర్లో ఆ వాక్యం కొట్టేసి నడిపించాను. ఇరవైమూడు దగ్గర (2, −1, 3) వచ్చింది గానీ, వెంట (1, −1, 6) కూడా వచ్చి మూడు కాస్తా నాలుగైంది. దాని పైనున్న మైనస్ ఇరవై, నిన్నటిదాకా బాగానే ఉన్నది, అదీ చెడిపోయింది. (1, 0, 5), (2, 2, 3) అని రెండుండాల్సిన చోట (2, −2, 3) కూడా వచ్చి మూడైంది. లేచి బయటికెళ్లి టీ సగం తాగి పారబోసి లోపలికొచ్చాను. కరెంటు పోతుందేమోనని ఇంకో భయం.

ఎటు నుంచి వచ్చినా అదే గుమ్మం.

కొన్ని రూపాలకి అద్దంలో బొమ్మా తామే. ఎప్పుడు? కాగితం తీసి రాసుకున్నాను. b సున్నా అయినప్పుడు, b, a సమానమైనప్పుడు, a, c సమానమైనప్పుడు. ఆ మూడు సందర్భాల్లో ఒక్కసారే లెక్కపెట్టాలి. అలా మార్చి నడిపిస్తే పట్టిక మొత్తం నిలబడింది. నమ్మకం లేక అన్నిటికీ గుణకారం సరిచూశాను.

సోమవారం యూనివర్సిటీలో గైడు పట్టిక మీద వేలు పెట్టి, "ఇరవైమూడుకి మూడు రాశావు, ఇరవైకి రెండేనా?" అన్నారు.

"అది మేనరికం సార్," అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. చెవులు కాలిపోతుండగా బోర్డు దగ్గరికెళ్లి అద్దం సంగతి వివరించాను. అంతా విని, ఉత్తరం ఇచ్చారు. "తర్వాత మూడో ఘాతం రూపాలు చూడు. అక్కడ మేనరికాలు ఇంత తేలిగ్గా తేలవు," అన్నారు.

సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. ఫ్యాక్టరీకి రానని మామయ్యకి చెప్పమన్నాను.

"అది సరే గానీ, చందర్లపాడు నుంచి ఎవరో వచ్చార్రా, పిల్లనిస్తామని," అంది అమ్మ. "బస్సులో ఏం చెప్పావు వాళ్ల మామ్మకి?"

"అమ్మ తరఫని..."

"చందర్లపాడు తాత మీ నాన్న వాళ్ల నాన్న కదరా! ఆ పిల్ల నీకు చెల్లెలవుద్ది. మీ నాన్న వాళ్లకి కాఫీ ఇచ్చి సర్దిచెప్పేటప్పటికి తల ప్రాణం తోకకొచ్చింది. మీ సారుకి కూడా ఇట్టాగే రాసిచ్చావా లెక్కలు?"

ఫోన్ పెట్టేసి గదికెళ్లి, ఇచ్చేసిన పట్టిక నకలు తీసి, మైనస్ గుర్తులన్నీ మొదటి నుంచి మళ్లీ చూశాను.