గుట్ట గాలి అకస్మాత్తుగా తిరగలేదు

2004 మార్చి. బూర్గంపాడు అవతల, గోదావరికి కొంచెం ఎడంగా, గుట్ట కింద ఒక ప్రైవేటు కంపెనీ జామాయిల్ తోటలో నేను ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. అంతకు ముందు ఆరేళ్లు సముద్రం ఒడ్డున ఒక చిన్న రేవులో వాతావరణం రీడింగులు రాసే పని చేశాను. గాలి సంగతి నాకు పట్టుబడింది అక్కడే.

సముద్రపు ఒడ్డున పగలు గాలి నీళ్ల మీది నుంచి నేల మీదికి వస్తుంది. పొద్దుగూకాక నేల జల్దీ చల్లబడుతుంది, నీళ్లు మాత్రం వేడిని పట్టుకునే ఉంటాయి. అప్పుడు గాలి తిరగబడి నేల మీది నుంచి నీళ్ల మీదికి పోతుంది. దీన్నే ల్యాండ్ బ్రీజ్ అంటారు. తెల్లవారుజామున తెరచాప పడవలు సముద్రం లోపలికి పోయేది దీని మీదనే. ఇది వస్తుందా రాదా అని ముందే చెప్పడం పెద్ద విద్యేం కాదు. ఆకాశంలో మబ్బు ఉండొద్దు. వేరే గట్టి గాలి ఏదీ వీస్తూ ఉండొద్దు. సాయంత్రానికి పగటి గాలి మెత్తబడాలి. ఇవి కుదిరితే దాదాపు ఖాయం.

మా దగ్గర సముద్రం లేదు. గోదావరి ఉంది, గుట్ట ఉంది. సాయంత్రం గుట్ట మీద చల్లబడ్డ గాలి బరువెక్కి, వాలు పట్టుకుని ఏటి వైపు జారుతుంది. పేరు వేరైనా గుణం అదే. నర్సరీలో మందు కొట్టేటప్పుడు కూలీల మొహాన పడకూడదని, వెదురుబొంగుకు గుడ్డపీలిక కట్టి ఏ పూట గాలి ఎటు పోతుందో లాగ్‌బుక్‌లో రాసేవాణ్ణి. ఆ నెలంతా ఒకటే రాత. పగలు ఏటి నుంచి గుట్టకు, పొద్దుగూకితే గుట్ట నుంచి ఏటికి.

తోటకూ ఏటికీ నడుమ ఒక గూడెం. దాని అంచున సమ్మక్క ఇల్లు, ఇంటి ముందు మిర్చి కల్లం. ఆమె మామ ముత్తయ్య పగలంతా కల్లం పక్కన మంచం వేసుకుని మిర్చికి కాపలా ఉండేవాడు. ఎండకు ఆగలేక నేను పోతే కుండలో నీళ్లు ముంచి ఇచ్చేవాడు.

చెట్లు కొట్టాక మిగిలే కొమ్మల్నీ ఆకుల్నీ మేము స్లాష్ అంటాం. దాన్ని కాల్చి కొత్త మొక్కలు పెడతారు. ఆ రోజు సాయంత్రం అయిదింటికి మేనేజరు జీపు దిగి, స్లాష్‌కి నిప్పు పెట్టమన్నాడు.

"ఇప్పుడొద్దు సార్. పొద్దుగూకినంక గాలి తిరుగుతది, మంట గూడెం దిక్కు పోతది. రేపు పొద్దున పెడదాం, సాయంత్రానికి ఆరిపోతది" అన్నాను.

"గాలి నీకు ఉత్తరం రాసిందా యోబూ? రేపు హెడ్డాఫీసు వాళ్లొస్తున్నారు. వాళ్లొచ్చేసరికి నేల శుభ్రంగా కనబడాలి. టీవీలో నైరుతి గాలి అని చెప్పారుగా, మంట గుట్ట వైపే పోతుంది!"

"టీవీల చెప్పేది జిల్లా మొత్తానికి సార్. ఈ గుట్ట కింద లెక్క వేరు."

"నువ్వు సూపర్‌వైజర్‌వి. ఆ పని చూడు."

"మీ ఇష్టం సార్" అన్నాను. లాగ్‌బుక్‌లో మాత్రం టైము వేసి రాసుకున్నాను. ఆకాశం తేట, గాలి మెత్తబడుతోంది, చీకటి పడేలోపు తిరుగుతుంది అని. రాసేసి, నా పని అయిపోయిందనుకున్నాను.

మంట గుట్ట వైపే పోతుంటే మేనేజరు నవ్వుకుంటూ జీపెక్కి వెళ్లిపోయాడు. ఆరు దాటాక పీలిక వాలిపోయింది. కాసేపు ఆకు కూడా కదల్లేదు. ఆ తర్వాత వీపు మీద చల్లగా తగిలింది. తిరిగి చూస్తే పొగంతా గూడెం మీదికి పోతోంది.

కూలీలూ నేనూ పచ్చికొమ్మలు పట్టుకుని పరిగెత్తాం. అప్పటికే నిప్పురవ్వలు కల్లంలో పడ్డాయి. ఎండుమిర్చి కాలితే ఆ పొగలో మనిషి నిలబడలేడు. కళ్లు తెరుచుకోవు, ఊపిరి లోపలికి పోదు. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు ఏటి వైపు ఉరికారు. ముత్తయ్య మాత్రం గోనెపట్టాతో మిర్చి మీద కొడుతూనే ఉన్నాడు. సమ్మక్కా నేనూ రెక్కలు పట్టుకుని ఈడ్చుకొచ్చేసరికి మాట లేదు. భద్రాచలం దవాఖానాలో మూడో రోజు పోయాడు.

దినాలైనా కాలేదు, మేనేజరు టైపు చేసిన కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "గాలి అకస్మాత్తుగా దిశ మార్చుకున్నందున జరిగిన ప్రమాదం. మృతునికి ముందు నుంచే ఆయాసం ఉన్నది." కింద సాక్షిగా నా పేరు.

"అకస్మాత్తుగా ఏంది సార్? నెల రోజుల నుంచి రోజూ అదే వేళకు తిరుగుతున్నది! మీకు చెప్పిన గదా!"

"ఉద్యోగం కావాలా, వద్దా?"

సంతకం పెట్టలేదు. లాగ్‌బుక్ తీసుకుని నేరుగా ఎమ్మార్వో ఆఫీసుకు పోయి, ఆ పేజీ చూపించి వాంగ్మూలం ఇచ్చాను. మర్నాటి నుంచి నన్ను పనికి రావద్దన్నారు. మేనేజర్ని ఇంకో తోటకు మార్చారు. కేసు ఏళ్లపాటు సాగి ఎటూ తేలలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ పళ్లు బిగుస్తున్నాయి. ఒక ముసలాయన ప్రాణం తీసిన నేరాన్ని తీసుకుపోయి, నోరులేని గాలి మీద వేశారు.

ఆఫీసు నుంచి వస్తూ గూడేనికి పోయాను. నిజం చెప్పొచ్చానన్న ధీమా నాలో కొంచెం ఉండే ఉంటుంది. సమ్మక్క కాలిన కల్లం ఊడుస్తోంది. చీపురు ఆపకుండానే అడిగింది.

"యోబన్నా, గాలి తిరుగుతదని నీకు ముందే ఎర్కనా?"

"అవ్."

"ఎవరికి చెప్పినవ్?"

"మేనేజరుకు."

"ఆయన ఇల్లు ఏడున్నది?"

"భద్రాచలంల."

"మరి ఈ పొగ గక్కడిదాకా పోతదా?"

తోట గట్టు నుంచి ఆమె ఇంటికి నడిస్తే పది నిమిషాలు. ఆ సాయంత్రం నా చేతిలో గంటకు పైగా టైముంది. ఒక కేక వేసినా మిర్చి మీద తడిపట్టాలు కప్పుకునేవాళ్లు, ముసలాయన్ని ఏటి గడ్డకు తోలుకుపోయేవాళ్లు. నేను పుస్తకంలో రాసుకుని కూర్చున్నాను.

తర్వాత తల్లాడ దగ్గర ఒక నర్సరీలో చాలా ఏళ్లు పనిచేశాను. మందు కొట్టాలన్నా చెత్త కాల్చాలన్నా ముందు గాలి ఎటు పోతుందో చూసి, అటున్న ఇళ్ల తలుపులు కొట్టి చెప్పి వచ్చేవాణ్ణి. ఆఫీసు కాగితం ఆ తర్వాతే నింపేవాణ్ణి.