బోరుకి పట్టిన హారతి

నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. పెళ్లయి పెడన కాపురానికి వచ్చిన కొత్తలో మాట ఇది. అప్పుడు నేను నెల తప్పి ఉన్నాను. కాలవ నుంచి నీళ్లు మోయలేకపోతున్నానని మావయ్యగారు పెరట్లో బోరు వేయించారు. గొట్టంలోంచి నీళ్లు బుసబుసమని బుడగలతో పైకొస్తుంటే అత్తయ్యగారు మురిసిపోయారు.

"గంగమ్మతల్లి పొంగుతోందే, హారతి పట్టు" అన్నారు. కొత్త నీటికి హారతి పట్టడం మా ఇంట్లో ఆనవాయితీ.

కర్పూరం వెలిగించి పళ్లెం నీళ్ల దగ్గరికి తీసుకెళ్లానో లేదో, గొట్టం మీద భగ్గున మంట లేచింది. నా పమిట అంటుకుంది. పళ్లెం చేతిలోనే పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పక్కింటి నాగరత్నం పిన్నిగారి వాళ్లది కలంకారీ అద్దకం పని. అద్దిన దుప్పట్లు కాలవలో జాడించుకుని అప్పుడే తెస్తున్నారావిడ. పరుగున వచ్చి ఒక తడి దుప్పటి నా చుట్టూ చుట్టేసి, నన్ను బురదలోకి లాగేశారు. ఇంకొకటి గొట్టం మీద కప్పేశారు.

మంట ఆరాక, "హారతి పట్టమంటే నువ్వే కర్పూరమైపోతావేంటే పిల్లా" అన్నారు. అంటూనే ఎక్కడైనా కాలిందేమోనని నా ఒళ్లంతా తడిమి చూశారు.

నేలలోంచి నీళ్లతోపాటు మండే గ్యాసు కూడా వస్తుందని, బోరు మేస్త్రీ వచ్చి గొట్టానికి మూత బిగిస్తూ చెబితేనే మాకు తెలిసింది. ఆ ఛాయలకి మళ్లీ ఎవరూ నిప్పు తేలేదు.

కాలిన దుప్పటి ఇక అమ్ముడుపోదని పిన్నిగారు నాకే ఇచ్చేశారు. దాంతోనే మీ అమ్మకి ఉయ్యాల కట్టాను. పిన్నిగారి పేరు తప్పు లేకుండా రాయవే తల్లీ. ఆవిడ రాకపోతే, ఇది రాయడానికి నువ్వూ ఉండేదానివి కాదు.