బావ డబుల్ షేడ్ కోటు

పోయిన శుక్రవారం మధురవాడలో అక్క ఇంట్లో భోంచేసి, బాల్కనీలో కూర్చుని మజ్జిగ తాగుతుంటే ఆఫీసు నుంచి మేనల్లుడు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. టీషర్టు, మెళ్ళో ఐడీ కార్డు తప్ప వాణ్ణి ఇంకో వేషంలో చూసిన గుర్తు లేదు. ఆవేళ మాత్రం ఒంటి మీద మూడు గుండీల ముదురాకుపచ్చ కోటు, సన్నటి కాలరు, చీలమండ దగ్గరే ఆగిపోయిన బిగుతు ప్యాంటు. "ఈవేళ మా ఆఫీసులో రెట్రో డే మావయ్యా, అందరూ పాతకాలం ఏషాలే. సాయంత్రం బీచ్ రోడ్డులో పార్టీ. పొద్దున్న ఏసింది పార్టీ అయ్యేదాకా మార్సకూడదని రూలు. ఎలాగున్నాను?" అని ఒక చుట్టు తిరిగాడు. బాగున్నావురా అన్నాను. అన్నాక లోపల ఏదైనా కదులుతుందేమోనని కాసేపు చూసుకున్నాను. ఏమీ కదల్లేదు. ఆ కోటు మా బావది. అక్క భర్త. ఆయన పోయి కొన్నేళ్ళయింది.

బావ హార్బరులో పనిచేసేవాడు. ఓడల మీద వచ్చిన వాళ్ళెవరో వదిలేసి వెళ్ళిన పాత పత్రికలో, అరవైల నాటి లండన్ కుర్రాళ్ళు స్కూటర్ల పక్కన నిలబడ్డ బొమ్మ చూశాడట. కురచ కోటు, సన్నటి టై, మొన తేలిన బూట్లు. మోడ్స్ అంటారట వాళ్ళని. ఆ బొమ్మ పట్టుకుని ఊళ్ళో టైలర్ల చుట్టూ తిరిగి, చివరికి ఒకాయన్ని ఒప్పించాడు. అప్పట్నుంచి ఆయన సెలవురోజు వేషం అదే. విశాఖ ఉక్కపోతలో, మనం బనీను కూడా బరువనుకునే రోజుల్లో, మా బావ కోటు తొడుక్కుని స్కూటరు మీద కూరగాయలకు వెళ్ళేవాడు. చెమటకి కాలరు తడిసి ముద్దయ్యేది. ఆయనకొక సిద్ధాంతం ఉండేది: పొద్దున్న తొడిగిన బట్ట రాత్రి దాకా మనిషితో నడవాలి. పగలు చొక్కా పైగుండీ దాకా పెట్టుకుని తిరిగేవాడు. పొద్దు గుంకగానే జేబులోంచి సన్నటి టై తీసి, స్కూటరు అద్దంలో చూసుకుంటూ కట్టుకునేవాడు. అంతే, పగటి మనిషి రాత్రి మనిషైపోయేవాడు. నాకన్నా పెద్దవాడైనా నన్నూ బావా అనే పిలిచేవాడు. మా వైపు మగవాళ్ళ మధ్య ఆ పిలుపు అటూ ఇటూ నడుస్తుంది.

రిటైరయ్యే ఏడాది ఒకరోజు కూర్మన్నపాలెంలో మా క్వార్టరుకు వచ్చాడు. కవర్లో సూటు బట్ట. ఎండకి పట్టుకుంటే ముదురాకుపచ్చ, బల్బు కింద పట్టుకుంటే రాగిరంగు. చీరల్లో డబుల్ షేడ్ అంటారే, అలాంటిది. ఒకే తానులో రెండు కోయించాడట, ఒకటి తనకి, ఒకటి నాకు. "నా రిటైర్మెంటు రోజున ఇద్దరం ఇదే ఏసుకోవాల. పొద్దున్న సన్మానం కాడ్నించి రాత్రి బీచి దాకా. నాకింకేటీ ఒద్దు బావా, అదొక్కటి సెయ్యి" అన్నాడు. తప్పకుండా అన్నాను. ఆయన గేటు దాటగానే నా భార్యతో, "ఈ వయసులో జోకరు వేషమేటి?" అని నవ్వాను కూడా. నిజానికి నాకు నవ్వు రాలేదు. ఆయనలా నలుగురి మధ్య నచ్చినట్టు నిలబడటం నాకు చేతకాదు. చేతకానిదాన్ని వెక్కిరించడం మాత్రం బాగా వచ్చు.

మన ఇళ్ళలో ప్యాంటు షర్టు బిట్ల సంగతి తెలిసిందే. గృహప్రవేశానికి ఒకటి, పెళ్ళికి ఒకటి, ఓణీల ఫంక్షనుకు ఒకటి, ఎవరో బొట్టు పెట్టి చేతిలో పెడతారు. ఎవడూ కుట్టించుకోడు. అవి బీరువా అడుగున పడుకుని, ఇంకో ఫంక్షను రాగానే లేచి, కొత్త కవర్లో ఇంకో ఇంటికి వెళతాయి. బావ ఇచ్చిన బట్టా ఆ దొంతర్లోనే చేరింది. ఆయన ఫోను చేసినప్పుడల్లా "టైలరుకిచ్చీసినాను బావా" అనేవాణ్ణి. తరవాత "ఇంకా కాజాలే ఉన్నాయట" అన్నాను. అబద్ధానికి కాజాలు కూడా నేనే కుట్టాను.

రిటైర్మెంటు నాటి పొద్దున్న, ఫ్యాక్టరీలో నా మధ్యాహ్నం షిఫ్టు మార్చుకుని బయల్దేరే హడావుడిలో, బావకి పెట్టడానికి బీరువాలోంచి చేతికందిన ప్యాకెట్టు తీసి, కొత్త కవర్లో వేశాను. విప్పి చూడలేదు. దారిలో ఫోను చేసి, "టైలరు మోసం సేసినాడు బావా, ఇవ్వలేదు" అన్నాను. "పర్లేదులే, నువ్వు రా" అన్నాడు.

హార్బరులో దండలు, ఉపన్యాసాలు అయ్యాక ఇంటికి తెచ్చి, అక్కనీ బావనీ కుర్చీల్లో కూర్చోబెట్టి అందరూ బట్టలు పెడుతున్నారు. బావ ఒంటి మీద ఆ డబుల్ షేడ్ కోటే ఉంది. నా వంతు వచ్చింది. బొట్టు పెట్టి కవరు చేతిలో పెట్టాను. కవరు నున్నగా ఉందో ఏమో, ప్యాకెట్టు జారి ఆయన ఒళ్ళో పడింది, మడత విచ్చుకుంది. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఒళ్ళో ముదురాకుపచ్చ, ఒంటి మీద ముదురాకుపచ్చ. అక్క నా వైపు చూసి తల దించేసుకుంది. బావ ఆ బట్ట మీద ఒకసారి చెయ్యి వేసి నిమిరాడు. ఇంతలో వెనకనుంచి ఎవరో, "ఇదేటి, అదే బట్టలాగున్నాది?" అన్నారు.

బావ నవ్వాడు. "మరేటనుకున్నారు? నా కోటుకి జత కోసం ఊరంతా గాలించీసుంటాడు మా బావమరిది. ఎవులు తెత్తారర్రా ఇలాగ?" అన్నాడు. అందరూ నా భుజం తట్టారు. నేను తట్టించుకున్నాను.

సాయంత్రం స్కూటరు తీసి, "పద బావా" అన్నాడు. కోటులో ఆయన, పొట్టి చేతుల చొక్కాలో వెనకాల నేను. బీచ్ రోడ్డులో దీపాలు వెలిగాక అద్దంలో చూసుకుని టై కట్టుకున్నాడు. కోటు రాగిరంగుకి తిరిగింది. కాలేజీ పిల్లలు కొందరు సెల్ఫీ అడిగితే నన్ను కూడా రమ్మన్నాడు. నేను పక్కకి తప్పుకున్నాను. హోటల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచి, "సేప బాగుంది" అన్నాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "ఆఁ, బాగుంది" అని, తన ప్లేటులోది ఒక ముక్క తీసి నా ప్లేటులో వేశాడు. ఆ తరవాత ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. గుండెపోటొచ్చి పోయిన రోజున కూడా నేను ఏడవలేదు. కుర్చీలు వేయించాను, పాలు తెప్పించాను, మర్నాటికి షిఫ్టు మార్పించుకున్నాను.

మేనల్లుడు టై వెతుక్కుంటూ అన్నాడు: "దీనికి జత ఉండాల కదా మావయ్యా? నువ్వు ఊరంతా తిరిగి తెచ్చినావని నాన్న ఎప్పుడూ సెప్పేవోడు."

అంటే కొడుక్కి కూడా చెప్పలేదన్నమాట. వంటింట్లోంచి అక్క, "అదెప్పుడో ఎవరికో పెట్టీసినాన్రా, గుర్తులేదు" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది.

వాడి బండి మీదే బస్సుకి బయల్దేరాను. హనుమంతవాక దగ్గర ఎర్రలైటు పడితే, వాడి భుజం మీద చెయ్యి వేసి చెప్పేశాను. జత నేను తేలేదురా, మీ నాన్న ఇచ్చిందే చూసుకోకుండా మళ్ళీ ఆయనకే పెట్టాను, టైలరు దగ్గరుందని ఆయనకి అబద్ధాలు చెప్పాను, ఆయన నా పరువు కాపాడాడు, నేను ఒక్క మాటైనా అనలేదు. ఇన్నేళ్ళ మాట ఒక్క సిగ్నల్లో అయిపోయింది.

వాడు వెనక్కి తిరిగి నవ్వాడు. "ఓస్, అదా! దానికింత ఫీలవుతావేటి మావయ్యా? బిట్లు అందరూ తిప్పుతారు. మా ఇంట్లో ఇప్పటికీ బీరువా నిండా అవే."

వాడి తప్పేమీ లేదు. వాడికది ఒక బట్టముక్క కథ. లైటు మారింది, వెనక ఆటోలు హారన్లు కొట్టాయి, బండి కదిలింది. నన్ను బస్టాపులో దింపి, కోటు సర్దుకుని వాడు పార్టీకి వెళ్ళిపోయాడు. కూర్మన్నపాలెం బస్సు వచ్చింది, ఎక్కాను, కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. చెప్పేస్తే తేలికపడుతుందని ఇన్నాళ్ళూ అనుకున్న మనసులో బరువూ లేదు, తేలికా లేదు. చేసిన తప్పు నా దగ్గర భద్రంగానే ఉంది. దాన్ని క్షమించగలిగిన కాలమే, ఆ హోటల్లో చేపముక్క నా ప్లేటులో పడిన తరవాత ఎప్పుడో, నన్ను అడక్కుండా లేచి వెళ్ళిపోయింది.