సమ్మె వద్దన్న సోషలిస్టు

హిందీ రాష్ట్రంలో తెలుగువాళ్ళుండే గుఢియారీలో భీమారావుకు ‘సోషలిస్టు’ అన్న మాట ఇంటిపేరైపోయింది. డబ్ల్యూఆర్ఎస్ కాలనీ రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచేసిన ఫిట్టరు. పదవీ విరమణ తరువాత పారిశుద్ధ్య కార్మికుల సంఘానికి కార్యదర్శి, ఆపైన కార్పొరేటరు కూడా. ఎప్పుడూ ప్రతిపక్షమే.

కరోనా మీద యుద్ధమని అందరూ అంటున్న 2020 వేసవిలో నగర పాలకవర్గం ప్రతిపక్షాలనూ కలుపుకుంది. భీమారావుకు పారిశుద్ధ్య శాఖ ఇచ్చింది. అతడు ఒప్పుకోగానే పాత సహచరులు ముఖం తిప్పుకున్నారు. పదవి మీద మోజు బొత్తిగా లేదనడం అబద్ధమవుతుంది; అయితే ఆ రోజుల్లో ఎవరో ఒకరు చెత్త ఎత్తించక తప్పదన్నదీ నిజమే.

అంతలో చేతి తొడుగులు ఇవ్వలేదని అతని సంఘమే సమ్మెకు సిద్ధమైంది. కాంట్రాక్టరు రేపు, మాపు అంటున్నాడు. సమ్మె జరిగితే బస్తీలు కుళ్ళిపోతాయి. వద్దంటే ఇన్నేళ్ళు తనను నమ్మినవాళ్ళు దూరమవుతారు. భీమారావు సంఘం సభలో నిలబడి వద్దనే అన్నాడు.

ఊడ్చేవాళ్ళలో పాత మనిషి తాయారమ్మ లేచింది.

“ఏటి నేతాజీ! కుర్సీ ఎక్కగానే మా సేతులు కనబడ్డం మానేసినాయా?”

“కొంచెం ఓపిక పట్టక్కా. చేతులకు దస్తానేలు వస్తాయి.”

“ఠీక్ హై. మరి మన కట్టుబాటు?”

సమ్మె వద్దన్న నాయకుడు మొదటి షిఫ్టు తానే చేయాలి, కార్మికులు చేసే తీరులోనే. అది ఆ సంఘం కట్టుబాటు.

“షుగరు మనిసివి. సుభద్రొదిన నిన్ను గుమ్మం దాటనిస్తాదా?” అని ఎవరో అతని భార్య పేరెత్తి అంటే నవ్వులు లేచాయి.

మర్నాడు భీమారావు ఒట్టి చేతులతో చెత్తబండి తోశాడు. కరోనా జబ్బుమనుషులున్న ఇంటి చెత్త ముందు ఆగిపోయాడు.

“ఎత్తన్నా,” అంది తాయారమ్మ.

ఎత్తాడు. అది చూసి జనం పనిలోకి వచ్చారు.

తొడుగులు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. అప్పటికే ఇద్దరు కార్మికులకు జ్వరం తగిలి, తగ్గింది. పనివల్లే వచ్చిందని రుజువు లేదు, కాదనడానికీ లేదు. భీమారావు ఆ మాటే సభలో దాచకుండా చెప్పాడు. సంఘం చేతులెత్తి అతణ్ణి కార్యదర్శి పదవినుంచి తప్పించింది. మొదట లేచిన చెయ్యి తాయారమ్మదే.

బయట అతని పక్కకు వచ్చి నిలబడింది.

“కుర్సీ వదలకన్నా. అక్కడా మన మనిసొకడుండాల. మా తరపున నీతో దెబ్బలాడ్డానికి ఏరే మనిసి కావాల, అంతే.”

“ఎవరక్కా?”

“నానే. రేపు పొద్దున్నే వస్తాను, ఆఫీసులో ఉండు.”